కర్పూరం చెట్టుకు బహిరంగ లేఖ

కర్పూరం చెట్టూ,

నీ ఆకు మొదటిసారి నలిపి వాసన చూసినప్పుడు నాకు మా నాయనమ్మ హారతి పళ్లెం గుర్తొచ్చింది. ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ ఉత్తర కొసన, లిస్మోర్ దగ్గర వాగు గట్టు మీద నిలబడి ఉన్నాను. ఇంత దూరదేశంలో మనవాళ్ల చెట్టు దొరికిందని ఆ రోజంతా సంబరపడ్డాను. నువ్వు మా నేలదానివీ కాదు, ఈ నేలదానివీ కాదు అని తర్వాత తెలిసింది. నీ పుట్టిల్లు చైనా, తైవాన్, జపాన్. 1822లో నిన్ను ఇక్కడికి తోటచెట్టుగా తెచ్చారు. బడి ఆవరణల్లో, పాడి రైతుల ఇళ్ల ముందు నీడ కోసం నాటారు. అక్కడ ఆగి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

నువ్వు వేళ్లూనిన ఎర్రమట్టి ఎవరిదో నీకు చెప్పాలి. సుమారు 2.3 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడొక అగ్నిపర్వతం లేచింది. ఇప్పటి వొల్లుంబిన్ కొండ దాని నడిమి ముక్క. అది పరిచిన లావా చివికి చివికి ఈ మట్టి అయింది. ఆ మట్టి మీద 75,000 హెక్టార్ల వాన అడవి, బుంజలుంగ్ ప్రజల అడవి, కొన్ని వేల తరాలు పెరిగింది. తెల్లవాళ్లు దానికి బిగ్ స్క్రబ్ అని పేరు పెట్టారు. స్క్రబ్ అంటే తుప్పలు. నలభై మీటర్లు ఎదిగే బూయాంగ్ చెట్లను, వాటిని చుట్టేసి మింగే మర్రిజాతి చెట్లను తుప్పలన్నారు. ఆ పేరు పలికినప్పుడల్లా నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

1840ల్లో రెడ్ సీడర్ కలప కోసం రంపాలు వచ్చాయి. అది మన దేశపు అడవుల్లోనూ పెరిగే తూన్ చెట్టే. 1861 భూచట్టం తర్వాత భూమి పుచ్చుకున్న ప్రతివాడూ దాన్ని బాగుచేసి చూపించాలి. బాగుచెయ్యడమంటే నరకడం, కాల్చడం, ఆవులకు గడ్డి చల్లడం. 1900 నాటికి నూటికి ఒక వంతు అడవి కూడా మిగల్లేదు. ఆ నేరంలో నీ పాత్ర లేదు. 1960, 70 దశకాల్లో పాడి దెబ్బతిని రైతులు బీళ్లు వదిలేసి వెళ్లాక నువ్వు ఆ ఖాళీలోకి వచ్చావు.

కానీ వచ్చి ఊరుకోలేదు. పెద్ద చెట్టు ఏడాదికి లక్ష దాకా గింజలు రాలుస్తుంది. వాగు గట్లు, కంచెలు, కొండవాలు అన్నీ నీవే అయ్యాయి. మొదట్లో నీ మీద నాకు పట్టరాని కోపం ఉండేది. ఆ కోపంతోనే మా వెనక అరెకరంలో ఒక కాంట్రాక్టరు చేత బుల్డోజర్ పెట్టించి నిన్ను మొదలంటా తోయించాను. మరుసటి వానలకే అక్కడ లాంటానా లేచింది. దాని మీద మదీరా తీగ దుప్పటిలా కప్పుకుంది. విరిగిన నీ వేళ్ల నుంచి నువ్వే మళ్లీ పిలకలు వేశావు. అతను నేను చెప్పినట్టే చేశాడు. తప్పు నాది. నూటయాభై ఏళ్ల కిందట ఈ నేలకు జరిగినదాన్నే నేను నా అరెకరంలో ఇంకోసారి చేశాను.

ఆ తర్వాత ఒక శీతాకాలం మిగిలిన నీ గుంపు కింద కూర్చుని చూశాను. నీ నల్లటి పళ్ల కోసం తెల్లతల పావురాలు వచ్చాయి. గొంతు కింద ఊదారంగు వేసుకున్న వొంపూ పావురాలు వచ్చాయి. అడవి పోయాక, చలికాలంలో తినడానికి పండు లేని రోజుల్లో, వాటి కడుపు నింపింది నువ్వు. వొంపూ పావురాలు వస్తూ వస్తూ దూరాన మిగిలిన అడవి ముక్కల్లో తిన్న గింజలను నీ కొమ్మల మీద నుంచి రాల్చాయి. నీ నీడలో పాత అడవి మొలుస్తోంది! గ్రిఫిత్ విశ్వవిద్యాలయానికి చెందిన వెండీ నీలన్, కార్లా క్యాటరాల్ బృందం 2006లో ప్రచురించిన పరిశీలన చెప్పిందీ అదే. అది చదివాక నేను గొడ్డలి పట్టే తీరు మారింది.

అయినా నిన్ను ఉండనివ్వను. అది నీకు సూటిగా చెప్పడానికే ఈ ఉత్తరం. ఈ మొలకలు నీ కిందే ఉండిపోతే మోకాలెత్తు దాటి ఎదగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అందుకని గుంపులో కొన్నిటినే ఎంచుకుంటాం. చుట్టూ గాట్లు పెట్టి, గాటు పెట్టిన క్షణాల్లోనే కలుపుమందు పోస్తాం. ఆలస్యమైతే నువ్వు గాయం మూసుకుంటావు. నిన్ను పడగొట్టం. నిలువునా ఎండనిస్తాం. ఆకు రాలిన మేరకే వెలుగు దిగుతుంది, మొలక లేస్తుంది, ఎండిన నీ కొమ్మ మీద పావురం ఇంకా వాలుతుంది. ఆ మాను పక్కనున్న నీ తోబుట్టువు ఇంకో నాలుగేళ్లు కాస్తుంది, పక్షికి తిండి తప్పకుండా. రాకీ క్రీక్ డ్యామ్ దగ్గర 1983లో మొదలైన అడవి పునరుద్ధరణ పని చూసి రండని నాకు చెప్పిన పెద్దాయనకు ఎంతో రుణపడ్డాను. ఒకప్పటి బీడు అక్కడ ఇప్పుడు తల పైకెత్తి చూడాల్సిన అడవి. ఇది ఓపిక పని. వేసవంతా లాంటానా పీకుతూనే ఉండాలి, ఏడాది తర్వాత ఏడాది.

నీ కిందకు రానివి కూడా ఉన్నాయి. పావురం నోట పట్టని పెద్ద గింజలు. బ్లాక్ బీన్ గింజ మన కుంకుడుకాయకు రెండు మూడింతలుంటుంది. పచ్చిగా తింటే విషం. నానబెట్టి విషం తీసి వండుకోవడం ఇక్కడి ఆదివాసులకు తెలుసు. ఆ చెట్టు వాగులు దాటి, కొండలు దాటి విస్తరించింది వాళ్లు మోసుకెళ్లడం వల్లేనని 2017లో జన్యు పరిశోధన, వాళ్ల పాటల దారులు (ప్రయాణ మార్గాలను పాటల్లో దాచుకునే సంప్రదాయం) రెండూ కలిసి చెప్పాయి.

నిన్న ఆ గింజలు ఏడు, తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చాను. వాగు దిగువన, ఎండిపోతున్న నీ పెద్ద మాను మొదట్లో వెలుగు బాగా పడుతోంది. అక్కడే గుంతలు తీశాను. నువ్వు పక్కనున్న ఇంకో మాను కొమ్మల నుంచి ఇంకా పళ్లు రాలుస్తున్నావు, పావురాలు తింటున్నాయి. ఆ మాను వంతు వచ్చే ఏడాది.