సైకిలు దిగితేనే ఊరు కనిపిస్తుంది

మా రోజుల్లో ఖరగ్‌పూర్‌లో సైకిలు లేని తెలుగు ఇల్లు చాలా అరుదు. మథురాకాటీ, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్... ఏ క్వార్టరు ముందు చూసినా గోడకు ఆనించిన నల్ల సైకిలు ఒకటి ఉండేది. పొద్దున్నే వర్క్‌షాపు సైరన్ మోగే వేళకి రోడ్డంతా సైకిళ్లే. హ్యాండిలుకి టిఫిన్ క్యారేజీ, వెనక క్యారియర్ మీద తోటి పనివాడు, నోట్లో తెలుగు, హిందీ, బెంగాలీ కలిసిపోయిన మాట. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్లు 19వ శతాబ్దం చివర్లో ఇక్కడ జంక్షన్ పెట్టి, వర్క్‌షాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ల సంతానం మేము. రైలు మాకు కూడు పెట్టింది. ఈ చుట్టుపక్కల నేల ఎలాంటిదో చూపించింది మాత్రం సైకిలే.

ఇప్పుడూ మా ఊళ్లో సైకిలు తొక్కే కుర్రాళ్లు ఉన్నారు. తెల్లారకుండా లేస్తున్నారు, పది మందీ కలిసి వెళ్తున్నారు. ఆ శ్రద్ధకు సంతోషమే. కానీ వాళ్ల దారి చూస్తే బాధ కలుగుతుంది. కారులో పనిమీద పోయినట్టు నేరుగా హైవే ఎక్కుతారు. కలకత్తా వైపో, బాలాసోర్ వైపో తల వంచుకుని తొక్కుతారు. అనుకున్న దూరం రాగానే బండి తిప్పేస్తారు. ఇంటికొచ్చాక ఎన్ని కిలోమీటర్లు, ఎంత వేగం, గుండె ఎంత కొట్టుకుంది అన్న లెక్కలు చూసుకుంటారు. దారిలో ఏ ఊళ్లు వచ్చాయిరా అని అడిగితే చెప్పలేరు. ఊరు పేరు తెలియని ప్రయాణం ప్రయాణమెలా అవుతుంది?

మా సైకిళ్లకు గేర్లు లేవు. ఒక్కొక్కటి ఇరవై కిలోల దాకా బరువుండేది. హెర్క్యులిస్, రాలే, రాబిన్‌హుడ్... వీటిలో రాలే మన పశ్చిమ బెంగాల్‌లోనే, ఆసన్సోల్ దగ్గర సేన్-రాలే ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. పంక్చరైతే ఎవరి కోసమూ చూసేవాళ్లం కాదు. ట్యూబు బయటికి లాగి, నీళ్లలో ముంచి, బుడగ వచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ముక్క అతికించడం పదేళ్ల పిల్లాడికీ వచ్చు. చీకటి పడితే డైనమో వెనక చక్రానికి తగిలించాల్సిందే. దీపం లేకుండా దొరికితే పోలీసు టైర్లలో గాలి తీసేసేవాడు.

ఆదివారం వస్తే పల్లెల మీదికి పోయేవాళ్లం. చలికాలమైతే మరీ మంచిది. సాలువా వైపు సాల చెట్ల అడవి, ఎర్ర మట్టి బాట, కోత కోసిన వరి చేలు, పొద్దున్నే ఈత చెట్టు నుంచి దించిన తియ్యటి రసం, పక్కనే పెద్ద పెనాల్లో కాగుతున్న ఈత బెల్లం. ఆకలేస్తే ఏ గుడిసె కొట్టు ముందో ఆగితే మరమరాల్లో ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి ఇచ్చేవాళ్లు. "ఎక్కడి నుంచి బాబూ?" అని అడిగేవాళ్లు. రైల్వే కాలనీ తెలుగువాళ్లమని చెబితే ఇంకో గుప్పెడు మరమరాలు వేసేవాళ్లు.

మిడ్నాపూర్ వైపు వెళ్తే కంసావతి నది వస్తుంది. అక్కడ పాత ఆనకట్ట ఉంది. ఒరిస్సా నుంచి మిడ్నాపూర్ దాకా కాలువలు తవ్వాలన్న ఆలోచన వెనక ఉన్నది మన గోదావరి కాటన్ దొరే అని మా పెద్దవాళ్లు చూపించి చెప్పేవారు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట చూడని పిల్లలం, ఈ కట్ట మీద నిలబడి ఆయన పేరు నేర్చుకున్నాం.

మిడ్నాపూర్ దాటి ఓ పది కిలోమీటర్లు పోతే అదే నది ఒడ్డున పాథ్రా. చిన్న పల్లె, ముప్పైకి పైగా గుళ్లు. 18వ శతాబ్దంలో జమీందార్లు కట్టించిన ఇటుక గుళ్లు, వాటి గోడల మీద కాల్చిన మట్టి బొమ్మలు. ఏటి కోతకు కొన్ని పడిపోయాయి, ఇటుకల కోసం కొన్నింటిని మనుషులే విప్పుకుపోయారు. వాటిని కాపాడాలని పట్టుబట్టినవాడు యాసీన్ పఠాన్ అనే ముస్లిం. స్కూల్లో చిన్న ఉద్యోగం చేసుకుంటూ, రెండు మతాల వాళ్ల మాటలూ పడుతూ, గడప గడపా తిరిగి జనాన్ని ఒప్పించాడు. 1994లో కబీర్ పురస్కారం ఆయనకు వచ్చింది. తర్వాత కేంద్ర పురావస్తు శాఖ అక్కడి గుళ్లలో చాలావాటిని తన రక్షణలోకి తీసుకుంది. మన ముంగిట్లో ఇంత పెద్ద కథ ఉంటే హైవే మీద కిలోమీటర్లు లెక్కపెట్టుకోవడమేమిటి?

కేశియాడీ వైపు ఇంకో దారి. గగనేశ్వర్ అనే ఊళ్లో కురుంబేరా కోట ఉంది. మొత్తం ఎర్ర రాయి. లోపలికి అడుగుపెడితే నాలుగు వైపులా స్తంభాల వసారా, మధ్యలో విశాలమైన ఆవరణ, అందులో మూడు గుమ్మటాల కట్టడం. గజపతి కపిలేంద్ర దేవుడి కాలంలో, 15వ శతాబ్దంలో లేచిన గోడలివి. కొండవీడు, రాజమహేంద్రవరం దాకా దండెత్తి వచ్చిన ఆ కపిలేంద్రుడే. ఔరంగజేబు కాలంలో దీని లోపల మసీదు వెలిసింది. మన చరిత్ర పుస్తకంలో చదువుకున్న రాజు మన సైకిలు అందుకునే దూరంలో ఉన్నాడన్నమాట. ఎండ వేళ ఆ వసారాలో కూర్చుంటే రాయి చల్లగా ఉంటుంది. మేము పులిహోర పొట్లాలు విప్పింది అక్కడే.

దాంతన్ దారి అన్నిటికంటే దూరం. పూర్వం జగన్నాథుడి యాత్రికులు పూరీకి నడిచి వెళ్లిన దారి అది. నారాయణ్‌గఢ్, బేల్దా దాటాక మొఘల్‌మారీ వస్తుంది. ఊరి మధ్య పెద్ద దిబ్బ. సఖిసేన దిబ్బ అని పల్లెవాళ్లు కథలు చెప్పేవాళ్లు. మేము దాని మీదే సైకిళ్లు పడుకోబెట్టి నడుం వాల్చేవాళ్లం. 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయం వాళ్లు, అశోక్ దత్తా ఆధ్వర్యంలో ఆ దిబ్బను తవ్వితే కింద ఇటుకల బౌద్ధ విహారం బయటపడింది. పదిహేను వందల ఏళ్లకు దగ్గర పడిన విహారం! ఆ వార్త విన్న రోజు మా పాత జట్టులో మిగిలినవాళ్లమంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నాం.

మొన్న మా మనవడు ఫోన్‌లో ఫ్రాన్సు చూపించాడు. "తాతా, ఎప్పటికైనా అక్కడ తొక్కాలి" అన్నాడు. సన్నటి రోడ్లు, పొలాలు, కొండ మీద రాతి ఊళ్లు. బాగున్నాయి, కాదనను. టూర్ ద ఫ్రాన్స్ 1903 నుంచి నడుస్తోంది. అంతకంటే పాతది పారిస్-బ్రెస్ట్-పారిస్, 1891లో మొదలైంది. 1200 కిలోమీటర్లు 90 గంటల్లో పూర్తి చెయ్యాలి. మన దేశం నుంచీ ఎంతోమంది వెళ్లి తొక్కొస్తున్నారు. అందులో నాకు నచ్చింది దూరం కాదు. దారిలో పల్లెవాళ్లు ఇళ్ల ముందు బల్లలు వేసి, తొక్కేవాళ్లకు కాఫీ, తినుబండారాలు పెడతారట. మనవడు చూపించిన ఊళ్లలో కోలోంజ్-లా-రూజ్ అని ఎర్ర రాతి ఊరొకటి ఉంది. 1982లో అక్కడే అందమైన గ్రామాల సంఘం పుట్టింది. రెండు వేల లోపు జనం ఉన్న ఊళ్లకే అందులో చోటు. పాత గోడను కాపాడుకోవడం ఆ ఊళ్లకు గర్వం, బతుకుతెరువు కూడా.

"మంచిదిరా, వెళ్లు" అన్నాను. "ముందు కురుంబేరా చూశావా?" అంటే లేదన్నాడు. ఆ ఎర్ర రాయి కోసం ఏడు సముద్రాలు దాటతానన్న పిల్లాడికి ఇంటి పక్క ఎర్ర రాయి తెలియదు. తప్పు వాడిదొక్కడిదే అనను. చూపించాల్సిన పెద్దలు టీవీ ముందు కూర్చున్నారు, రోడ్లు వేసినవాళ్లు సైకిలును మరిచారు.

స్వర్ణ చతుర్భుజి మా ఊరి పక్కనుంచే పోయింది. కలకత్తా-చెన్నై రోడ్డు వెడల్పయింది. లారీలకు బాగుంది. మరి సైకిలుకు? అంచున కూడా చోటు మిగల్చలేదు. కలకత్తాలోనైతే 2013లో వందకు పైగా రోడ్ల మీద పోలీసులు సైకిలునే నిషేధించారు. ఏ పొగా వదలని, ఎవరినీ గుద్ది చంపని బండిని రోడ్డు మీంచి దించేసి, పొగ పెరిగిందని మీటింగులు పెడితే ఏం లాభం?

ఒక్క మంచి చెప్పకపోతే అన్యాయమవుతుంది. మా రోజుల్లో ఆడపిల్ల సైకిలెక్కితే వీధంతా చూసేది. మా అక్కచెల్లెళ్లు తొక్కాలని ఎంత ఆశపడ్డా ఇంట్లో ఒప్పుకోలేదు. 2015 నుంచి మన రాష్ట్రంలో సబూజ్ సాథీ పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు సైకిళ్లు ఇస్తున్నారు. కోటికి పైగా ఇచ్చారు. ఇవాళ కేశియాడీ రోడ్డు మీద బడి వదిలే వేళకు రెండు జడల అమ్మాయిలు వరసగా తొక్కుకుంటూ వస్తుంటే నాకు కడుపు నిండుతుంది. సైకిలును బతికిస్తున్నది లక్ష రూపాయల బండివాళ్లు కాదు, ఈ పిల్లలే. వాళ్లకు ప్రతి మలుపూ, ప్రతి చెరువూ తెలుసు.

అందుకే ఖరగ్‌పూర్ తెలుగు కుర్రాళ్లకు నా మాట ఒకటే. ఈ చలికాలం ఒక్క ఆదివారం హైవే వదిలేయండి. పాథ్రాకో, కురుంబేరాకో, మొఘల్‌మారీకో వెళ్లండి. వేగం చూపే గడియారం ఇంట్లో పెట్టండి. ఊరు రాగానే సైకిలు దిగండి. ఆ ఊరి పెద్దాయనతో నాలుగు మాటలు మాట్లాడండి, ఆ కొట్లో మరమరాలు కొనుక్కు తినండి, గుడి గోడల మీద పేర్లు చెక్కేవాళ్లు కనిపిస్తే ఆపండి. మీ ఇళ్లలో నాలాంటి ముసలివాళ్లుంటే దారి అడగండి, అన్నీ చెబుతాం. ఇక మున్సిపాలిటీ వారికీ, రైల్వే వారికీ విన్నపం: పట్నం నుంచి ఈ ఊళ్లకు పోయే రోడ్ల పక్కన సైకిలుకు ఓ నాలుగడుగుల దారి వదలండి. బడి పిల్లలు క్షేమంగా ఇంటికి చేరడానికైనా అది కావాలి.