డిస్కుల పేరయ్య

ప్రతి ఊళ్ళో ఒక పెళ్ళిళ్ళ పేరయ్య ఉన్నట్టే ప్రతి ఆటోనగర్‌లో ఒక డిస్కుల పేరయ్య ఉంటాడు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నాకు తగిలినాయనకు అసలు పేరు వేరే ఉంది కానీ, ఆధార్ కార్డు మీద తప్ప దానికి వాడకం లేదు. హార్డ్‌వేర్ కొట్టు ముందు ప్లాస్టిక్ స్టూలు, జేబులో భూతద్దం, చేతిలో సగం తాగిన టీ గ్లాసు. కొట్టు ఆయనది కాదు. అందులో ఆయన పనీ చెయ్యడు. ఆయన ఏదైనా కొనగా చూసినవాళ్ళూ లేరు. రిటైరయ్యేదాకా ఎక్కడో టూల్‌రూం చూసేవాడట. ఇప్పుడు ఆటోనగర్ మొత్తం ఆయన టూల్‌రూమే.

నేను వెళ్ళింది చిన్న పని మీద. మా నాన్నగారి పాత బుల్లెట్‌కు స్టాండు వేశాననుకొని దిగాను. వెయ్యలేదు. బండి ఎడమవైపు ఒరిగి, ప్రైమరీ కవరు రాతికి తగిలి చీలింది. ఆర్గాన్ వెల్డింగ్ కుర్రాడు అతికించి ఇచ్చాడు. అతుకు గట్టిదే కానీ కవరు మీద వడియం పెట్టినట్టు లేచి ఉంది. దాన్ని అరగదీయాలి.

"నాలుగించుల గ్రైండింగ్ వీల్ ఒకటివ్వండి" అన్నాను.

"దేనిమీదకి బాబూ?" అని వెనకనుంచి వినిపించింది.

కొట్టాయన వీల్స్ డబ్బా తియ్యబోయినవాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అల్యూమినియం మీదకండీ."

పేరయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఎదుటివాడి అరగంట పోయినట్టేనని నాకప్పుడు తెలియదు.

ముందు జాతకం చూశాడు. డబ్బాలోంచి ఒక వీల్ తీయించి, వెలుతురుకు పెట్టి, భూతద్దం ఆనించి, అక్షరాలు చదివాడు. "ఇక్కడ 'ఏ' ఉందా? అల్యూమినియం ఆక్సైడు గింజ. ఇనుముకు తగిన సంబంధం. 'సి' ఉంటే సిలికాన్ కార్బైడు. పక్కన అంకె గింజ సైజు, అంకె పెరిగేకొద్దీ నునుపు. ఆఖర్న 'బి' అంటే రెజిన్‌తో కట్టింది." తర్వాత వీల్ నడుమ ఉన్న రింగును వేలితో తుడిచాడు. దాని మీద నెలా సంవత్సరమూ ఉన్నాయి. "ఆయుర్దాయం" అన్నాడు గొంతు తగ్గించి. "రెజిన్‌కు తేమ పడదు. చూడ్డానికి కొత్తదిలాగే ఉంటుంది, తిరిగేటప్పుడు ముక్కలవుతుంది. నిమిషానికి 15,300 చుట్ల వరకే ఓర్చుకుంటానని అదే రాసుకుంది. నీ మిషను ఎంత?"

"తెలీదండీ."

మిషను ఎంత తిరుగుతుందో తెలియకుండా వీల్ కొనడానికి వచ్చినవాణ్ణి, గోత్రం తెలియకుండా పిల్లనడగడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఈ సంబంధం వద్దు" అని వీల్ పక్కన పెట్టేశాడు. "ఇనుము మొరటువాడు. గీకితే నిప్పురవ్వలు రాల్చి తన దారిన పోతాడు. అల్యూమినియం కొత్తల్లుడు. మెత్తన. మాటా పలుకూ ఉండదు. సంక్రాంతికొచ్చి ఉగాదిదాకా కదలడు."

పోలిక ఆయనది, శాస్త్రం మాత్రం నిజం. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటాలి. అల్యూమినియంకు 660 చాలు. వీల్ రాపిడికి మెత్తబడి, గింజల సందుల్లో దూరి కూర్చుంటుంది. కాసేపటికి వీల్ ముఖం వెండిపళ్ళెంలా మెరుస్తుంది. మెరిసే వీల్ కొయ్యదు, రుద్దుతుందంతే. పైగా అల్యూమినియం నిప్పురవ్వలు రాల్చదు, కరిగే ముందు ఎర్రబడను కూడా ఎర్రబడదు. అందుకని పని జరగడం లేదనుకొని మనం ఇంకా నొక్కుతాం. నొక్కేకొద్దీ వేడి, వేడెక్కేకొద్దీ అతుకుడు. చివరికి వీల్ పగిలినా పగలొచ్చు.

ఆ మాటల మధ్యలోనే పక్క షెడ్డు కుర్రాడొకడు చేతిలో అల్యూమినియం బ్రాకెట్‌తో బెంచి గ్రైండరు దగ్గరికి నడుస్తున్నాడు. పేరయ్యకు మోకాళ్ళ నొప్పులు. మామూలుగా స్టూలు మీంచి లేవాలంటే ఇద్దరి భుజాలు కావాలి. ఆ రోజు మాత్రం "ఆగరా!" అని కేకేస్తూ ఒక్క అంగలో స్విచ్ దగ్గరున్నాడు.

"ఒక్కసారే బాబాయ్, చిన్న అంచు" అన్నాడు కుర్రాడు.

"ఆ రాయి మీద పొద్దుటినుంచీ ఏం పట్టావు?"

"ఉలులు."

"అంటే అది ఇనుము ఎంగిలి. దాని మీద ఇది పడతావా?"

మా అమ్మమ్మ మడి కట్టుకున్నప్పుడు కూడా ఇంత నిష్ఠ చూడలేదు నేను. ఇనుముకు వాడిన డిస్కు అల్యూమినియాన్ని తాకకూడదు, అల్యూమినియానిది ఇనుమును తాకకూడదు. రెండు డబ్బాలు, రెండు బ్రష్షులు, రెండు గుడ్డలు. చాదస్తం అనుకున్నాను. ఆయన కారణాలు చెప్పాక నోరు మూసుకున్నాను. ఇనుప రజను అల్యూమినియంలో గుచ్చుకుంటే తర్వాత తుప్పు చుక్కలు తేలతాయి. అంతకన్నా పెద్దది, సన్నని అల్యూమినియం పొడికి నిప్పంటుకుంటుంది. దానికి తుప్పు పొడి కూడా కలిసి ఇనుము నిప్పురవ్వ పడితే, రైలు పట్టాలు అతికించే థెర్మిట్ మంట సరుకంతా ఆ బెంచి కిందే ఉన్నట్టు. "అంటుకుంటే నీళ్ళు పొయ్యకు, హైడ్రోజన్ పుట్టి ఇంకా రేగుతుంది. పొడి ఇసుక పొయ్యి" అన్నాడు. కుర్రాడు బ్రాకెట్ జేబులో పెట్టుకొని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం పేరయ్య లేనప్పుడు వచ్చి రుద్దుకొని ఉంటాడని నా అనుమానం.

స్టూలు ఎక్కాక పురాణం మొదలైంది. ఈ జాతి మనుషులకు ఇది తప్పదు. అరగదీసే గింజ అల్యూమినియం ఆక్సైడు, అరిగేది అల్యూమినియం, అంటే లోహాన్ని దాని చిలుముతోనే కొడుతున్నామన్నమాట. ఆ చిలుమే గట్టిపడి స్ఫటికమైతే కురువిందం, ఇసుమంత క్రోమియం కలిస్తే కెంపు. ఇంగ్లీషువాళ్ళ కోరండం మన దక్షిణాదినుంచి, తమిళుల కురుందం నుంచి పోయిన మాటే. 1891లో అమెరికాలో అచెసన్ అనే ఆయన వజ్రం తయారు చేద్దామని బంకమట్టినీ కోకు పొడినీ కరెంటుతో కాలిస్తే సిలికాన్ కార్బైడు వచ్చింది. కార్బనూ కోరండమూ కలిసిందనుకొని కార్బొరండం అని పేరు పెట్టేశాడు. "పేరులో కురువిందం ఉంది, ఒంట్లో లేదు. నేతిబీరకాయ!" అని పేరయ్య తొడ చరుచుకొని నవ్వాడు. ఈ హాస్యానికి నవ్వేవాడు దొరికి ఎన్నాళ్ళయిందో పాపం.

చివరికి సంబంధం కుదిరింది. వడియం తల కొట్టడానికి అల్యూమినియం కోసమే చేసిన, స్టియరేటు పూత ఉన్న 40 నంబరు ఫ్లాప్ డిస్కు. ఆ పూత ఉంటే లోహం అంటుకోదు. మూలల్లోకి కార్బైడ్ బర్ర్, అదీ పళ్ళు దూరం దూరంగా ఉన్న సింగిల్ కట్. ఇనుముకు వాడే అడ్డదిడ్డం పళ్ళది ఒక్క నిమిషంలో పూడుకుపోతుంది. అంచులకు ఆకురాయి, దాని పళ్ళలో ముందే సుద్దముక్క రుద్దాలి. ఆపైన వాటర్ పేపర్లు 220, 400, 600. డిస్కుకు అప్పుడప్పుడు మైనం పట్టించాలి, దీపావళికి మిగిలిన కొవ్వొత్తయినా ఫరవాలేదు. "మళ్ళీ వెల్డింగ్ పడేచోట మాత్రం మైనం అంటనివ్వకు. కళ్ళద్దాలు ఉన్నాయా? మాస్కు?"

మాస్కు కరోనా నాటిది ఉందన్నాను. ఆయన కొట్టాయన వైపు చూశాడు. కొట్టాయన ధూళి మాస్కు ఒకటి, కళ్ళద్దాలు ఒకటి కౌంటరు మీద పెట్టాడు.

ముప్ఫై రూపాయల వీల్ కోసం వచ్చినవాణ్ణి 1,460 రూపాయలు కట్టి బయటపడ్డాను. బేరమాడే ధైర్యం రాలేదు. ఆడితే ఎవరితో ఆడాలో కూడా తెలియలేదు.

ఇంటికెళ్ళి ఆయన చెప్పింది చెప్పినట్టు చేశాను. నొక్కకుండా, ఒకేచోట ఆపకుండా, మిషనును దాని బరువుతోనే తిరగనిచ్చాను. వడియం గంటలో మాయమైంది. పేపర్లు పట్టేసరికి పొద్దుపోయింది. కవరులో మా నాన్నగారి ముఖం కనిపించింది, ఆయన నా వెనక నిలబడి "ఎవరు పడేశార్రా బండిని?" అని అడుగుతుండగా.

వారం తర్వాత కవరు చూపించడానికే ఆటోనగర్ వెళ్ళాను. పేరయ్య బొటనవేలితో నిమిరి, భూతద్దం పెట్టి, "800 నంబరు పట్టలేదేం?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా కొట్టాయన 800 పేపరు రెండు షీట్లు చుట్టి నా చేతిలో పెట్టాడు. అప్పుడు చూశాను. పేరయ్య కింద పాత ప్లాస్టిక్ స్టూలు లేదు. చేతులున్న కొత్త కుర్చీ ఉంది, దాని మీద పూల గలీబు వేసిన దిండు ఉంది. కుర్చీ వెనక కొట్టు పేరు రాసి ఉంది.