కర్తృలోపదీపిక: ఒక కాలనీ పత్రిక నోటీసుకు టీకా తాత్పర్యం

అవతారిక: మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాస్తూ, ఆధారం లేని మాట ఒక్కటీ రాయనని నియమం పెట్టుకున్నాడు. పత్రికలవాళ్లకూ పనికొచ్చే నియమమే. ఉప్పల్‌లోనో నాచారంలోనో నలుగురు కలిసి జీతంలేని పత్రిక పెడితే, అపార్ట్‌మెంటు గేటుకు అంటించే నోటీసు ఇంచుమించు ఇలా ఉంటుంది. పండితులెవరూ ఇంకా దీని జోలికి రాలేదు.

మూలం: "కాలనీవాసులు తమ వార్తలను ప్రతి నెల 20వ తేదీలోగా పంపగలరు. స్వచ్ఛంద సేవకులకు ఆహ్వానం. టీ కలదు."

టీక: తమ వార్తలను = పెద్ద పత్రికల జల్లెడలోంచి జారిపోయినవాటిని. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు రామంతాపూర్, హబ్సిగూడ కాలనీలు మునిగినప్పుడు 'నగరం జలమయం' అని మరునాడు అందరూ చదివారు. ఏ సందులో నీళ్లు తీశాయి, ఏ సెల్లారులో మోటారు కాలిపోయింది అన్నది మాత్రం ఆ సందువాళ్లకే వార్త. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి 'పనులు జరుగుచున్నవి' అన్న వాక్యాన్ని వ్యాకరణం వర్తమానం అంది. ఉప్పల్ డిపో దగ్గర దుమ్ములో బస్సుకోసం నిలబడ్డవాడు తద్ధర్మం అన్నాడు.

20వ తేదీలోగా = 30వ తేదీ రాత్రి పదకొండింటికి.

పంపగలరు = 'కలుగు' ధాతువు వల్ల సామర్థ్యార్థం. పంపే శక్తి ఉందని మాత్రమే చెబుతుంది, పంపుతారని కాదు. పంపినా వార్తలు రావు, కవితలు వస్తాయి. ఈ నేల గుణమే అంత. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ కవుల సంచిక' తెస్తే అందులో 354 మంది తేలారు. కాగితాన్ని మడిచి అచ్చేసే పత్రికలో పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి కనుక, అయిదో పేజీకి ఒక్క వార్త మిగిలిందంటే ఇంకో మూడు పేజీలకు సరుకు వెతకాలి. అప్పుడు గాని కవుల విలువ తెలియదు.

స్వచ్ఛంద = తన ఇష్టం చొప్పున. రావడం ఎంత ఇష్టమో మానడమూ అంతే ఇష్టమని అర్థం.

ఆహ్వానం = పిలుపు. పిలిచేదెవరు? నోటీసు మొత్తం గాలించినా కర్త దొరకడు. 'సంపాదకవర్గం' అని అధ్యాహారం చేసుకోమంటారు కొందరు. అది పూజార్థక బహువచనం, లోపల ఉన్నది ఒక్కరే. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన ప్రతాపరెడ్డి వేరువేరు కలంపేర్లతో తానే రాసేవాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1922 ఆగస్టులో, ఇనుగుర్తి అనే పల్లె నుంచి 'తెనుగు' వారపత్రిక తెచ్చిన ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులది ద్వివచనం. తెలుగులో లేని ఆ వచనం అక్కడ అవసరపడింది. ఊళ్లోనే అచ్చుయంత్రం పెట్టుకుని, రాత నుంచి అచ్చు దాకా వాళ్లే చూసుకున్నారు.

నిజమైన బహువచనానికీ ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లాలో 2001లో మొదలైన 'నవోదయం' పత్రికకు పొదుపు సంఘాల మహిళలే విలేకరులుగా పనిచేశారు. అయితే దాని వెనుక పేదరిక నిర్మూలన పథకం అండ ఉండేది. నాచారం నోటీసు వెనుక ఉన్నది గోడ మాత్రమే.

తాత్పర్యం: ఓ కాలనీవాసులారా! మీరు రాయరని తెలుసు. రాసినా ఆలస్యంగా రాస్తారు. ప్రూఫు దిద్దడానికి, ఆదివారం పొద్దున మెట్లెక్కి తలుపు తలుపుకూ పంచడానికి ఒక్కరైనా రండి. కనీసం టీ తాగి పొండి.

విశేషం: చట్టం కర్తృలోపాన్ని ఒప్పుకోదు. 1867 నాటి పాత చట్టమైనా, 2024 మార్చి 1న అమల్లోకి వచ్చిన కొత్తదైనా, పత్రిక నమోదు చేయాలంటే ప్రచురణకర్త ఎవరో తేల్చమంటుంది. నోటీసులో దాక్కున్న కర్త ఆఖరి పేజీ అడుగున, కంటికి ఆననంత చిన్న అక్షరాల్లో పట్టుబడతాడు.

పాఠాంతరం: వానకు తడిసిన ఒక ప్రతిలో 'టీ కలదు' అన్నచోట ఎవరో బాల్‌పెన్నుతో 'బిస్కెట్?' అని చేర్చారు. ఇది ప్రక్షిప్తమని కొందరి మతం. కానీ ఆ నెల పంచడానికి వచ్చిన ఒకే ఒక్కడి చేతిరాత అదే.