సిపాయిగారి గోత్రం

మా బావకి అనామకులంటే పడదు. అనామకులంటే లోకంలోని బీదాబిక్కీ అనుకునేరు. వాళ్ల సంగతి ఆయన అట్టే పట్టించుకోడు. ఆయన బెంగంతా అంగుళం పైచిలుకు ఎత్తుండే ప్లాస్టిక్ సిపాయిల గురించి. పెట్టెలోంచి తీసి, ముక్కలు అతికించి, రంగు వేసిన ప్రతి బొమ్మకీ పేరుండాలి. పేరంటే ఉత్త పేరుతో సరిపెట్టుకునే మనిషి కాదు. ఇంటిపేరు, ఊరు, గోత్రం, వీలైతే మేనమామగారి ఉద్యోగం.

ఈ రకం మనిషి మీకు తెలియకపోడు. స్కూటరుకి పేరు పెట్టి, అది మొరాయించినప్పుడు ఆ పేరుతోనే బతిమాలేవాడు. బొమ్మలకొలువులో పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ వదిలేసి, మూలనున్న డోలు వాయించేవాడి పేరేమిటని అత్తయ్యల్ని సతాయించినవాడు. మా బావ ఆ రెండో పిల్లాడే. మా మేనత్త కొడుకు కాబట్టి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మా అక్కని చేసుకున్నాక మరీ బాగా తెలిసింది.

ఇలాంటివాడు బతకాల్సిన ఊళ్లోనే బతుకుతున్నాడు, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో. గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1975లో లండన్‌లో పుట్టినా, కాపురం మాత్రం ఈ ఊళ్లోనే పెట్టింది. 1983లో వాళ్ల ‘వార్‌హ్యామర్’ వచ్చింది. 1987లో దాని అంతరిక్షపు తమ్ముడు ‘వార్‌హ్యామర్ 40,000’ వచ్చాడు. బల్ల మీద కొండలూ శిథిలాలూ పేర్చి, ఇద్దరు చెరో సైన్యాన్ని నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి కొట్టుకునే ఆట ఇది. బొమ్మలు చేసే కంపెనీలు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు బొమ్మల్ని సీసంతో పోసేవారు కాబట్టి ఆ ప్రాంతానికి ‘లెడ్ బెల్ట్’ అని పేరు కూడా పడింది. నేను చదువుకని వెళ్లి వాళ్లింట్లో ఉన్నాను. నాకిచ్చిన గదిలో అప్పటికే రెండు సైన్యాలు కాపురం ఉంటున్నాయి.

కంపెనీవాళ్లు పేర్లు పెట్టరని కాదు. సేనాధిపతులకి మహా దర్జాగా పెడతారు. మార్నియస్ కాల్గర్, గాజ్‌కల్ థ్రాకా, ఇలా. 2023లో వచ్చిన పదో కూర్పులో ఈ ఘనులకి ‘ఎపిక్ హీరో’ అని బిరుదు కూడా తగిలించారు. ఒక్కొక్కరూ సైన్యంలో ఒక్కరే ఉండాలట. వాళ్ల వెనకాల తుపాకులు పట్టుకుని నిలబడే పదిమందీ మాత్రం ఉత్త పదిమందే. మా బావకి మండేది ఇక్కడే. “కాల్గర్‌గారికి పేరుంది, సంతోషం. ఆయన ముందు నిలబడి తూటా తినేవాడికి లేదేమిరా?” అంటాడు.

దీనికి కంపెనీ దగ్గర మందు లేకపోలేదు. 2018 నాటి ‘కిల్ టీమ్’ పుస్తకంలో పేర్ల పట్టికలున్నాయి. పాచికలు వేసి, ఏ అంకె వస్తే ఆ పేరు తగిలించేసుకోవచ్చు. అర నిమిషం పని. ఆ పట్టిక చూపిస్తే మా బావ, జాతకం చూడకుండా ముహూర్తం పెట్టమన్నంత బాధపడ్డాడు.

ఆయన పద్ధతి వేరు. ముందు బొమ్మని దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూస్తాడు. చెయ్యెత్తి ముందుకి రమ్మంటున్నవాడు పూర్వాశ్రమంలో బస్సు కండక్టరు. మోకాలి మీద కూర్చుని రాకెట్ గొట్టం భుజానికెత్తినవాడు పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర కూర్చున్న అలవాటున్నవాడు. స్పేస్ మెరైన్లనే కవచధారి సిపాయిలతో పెద్ద చిక్కుంది. అందరికీ ఒకే కవచం, ఒకే హెల్మెట్, మొహం కనపడదు. “వీడికీ వాడికీ తేడా ఏమిటి బావా?” అని అడిగాను. “హెల్మెట్ కింద వీడికి మీసం ఉంది” అన్నాడు. నేను నమ్మినట్టు తలూపాను. కాసేపటికి నాకూ ఆ మీసం కనపడటం మొదలైంది.

అలా పుట్టినవాళ్లే ముక్తేశ్వరం సూర్రావు, పాలకొల్లు వీర్రాజు, కోటిపల్లి చిన్నబ్బాయి. ఇంగ్లీషు ఆటగాళ్లు కూడా సిపాయిలకి పేర్లు పెడతారు గానీ, ఒక్క ముక్కతో వదిలేస్తారు. మనవాడు ఇంటిపేరు పెట్టాడు. ఇంటిపేరు వచ్చాక తండ్రి రాక మానడు. తండ్రి వచ్చాక పొలం, పొలం వచ్చాక గట్టు తగాదా. నెల తిరిగేసరికి ముక్తేశ్వరంవారికీ పాలకొల్లువారికీ మాటల్లేవు. ఒకే దళంలో ఉన్నా పక్కపక్కన నిలబడరు. దాంతో దళం ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది. అదేదో యుద్ధతంత్రమని ఆయన ఆడే క్లబ్బులో అందరూ భయపడతారు.

వేసవిలో టైరనిడ్‌లని కొత్త సైన్యం కొన్నాడు. అవి మనుషులు కూడా కాదు, గుంపులుగా వచ్చి పడే గ్రహాంతర పురుగులు. ఇక్కడైనా ఆగుతాడని మా అక్క ఆశపడింది. ఆ సైన్యంలో టెర్విగాన్ అనే తల్లి జీవి ఒకటుంది. 2010 నాటి నియమాల ప్రకారం మూడు పాచికలు వేసి, మొత్తం ఎంత వస్తే అన్ని టర్మగాంట్ పిల్లల్ని ఆట మధ్యలోనే పెడుతుంది. మా బావ, ఆయనతో ఆడే పెద్దాయన పాత పుస్తకాల ప్రకారమే ఆడతారు. పాచికలు పద్నాలుగు చూపించాయి. ప్రత్యర్థి టేపు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మా బావ నోట్‌బుక్కు తెరిచాడు. పద్నాలుగు బారసాలలు అయ్యేదాకా విశ్వయుద్ధం ఆగిపోయింది. పురుగులు కదా అని ఇంటిపేర్లు మాత్రం మినహాయించాడట. అది ఆయన దృష్టిలో సంయమనం.

పేరు పెట్టినవాడు చావడానికి వీల్లేకపోవడం అసలు తంటా. యుద్ధమన్నాక నలుగురు పోతారు. ఎవర్ని తియ్యాలో చాలాసార్లు సొంతదారుడే తేల్చుకోవాలి. తక్కినవాళ్లు దగ్గరున్న నాలుగు బొమ్మలు తీసి పక్కన పడేస్తారు. మా బావ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతాడు. సూర్రావుకి మొన్ననే సంబంధం కుదిరింది. వీర్రాజు ఒక్కడే కొడుకు. చిన్నబ్బాయి ఇల్లు సగం కట్టి వదిలేశాడు, స్లాబ్ పడాలి. ఎదురుగా ఉన్న పెద్దాయన రిటైరైన ఇంగ్లీషు మాస్టారు, ఓపిక ఆయన సొత్తు. మొదట్లో గడియారం చూసుకునేవాడు. తర్వాత్తర్వాత ‘వీర్రాజు’ అని నోరు తిరిగేలా నేర్చుకుని, “వీర్రాజుని వదిలెయ్, తల్లి ఉంది” అని తనే సలహా ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒకసారి గెలిచే ఆటలో తుపాకీ పేల్చకుండా ఊరుకున్నాడు. ఇద్దరూ కలిసి ఆ ఆటని చెడగొట్టి చాలా సుఖపడుతున్నారు.

ఈయనగారికి దేవుడిచ్చిన ఆట ఒకటుంది. 1999లో వచ్చిన ‘మోర్డ్‌హైమ్’. తోకచుక్క పడి కూలిపోయిన నగరంలో చిన్న చిన్న ముఠాలు కొట్టుకుంటాయి. ముఠాలో నాయకులు కొందరు, అనుచరులు కొందరు. అనుచరుడు దెబ్బ తిని పడిపోతే ఆట అయ్యాక ఒక పాచిక వేస్తారు. ఒకటో రెండో పడితే పోయినట్టు, లేకపోతే లేచి కూర్చున్నట్టు. నాయకుడు పడిపోతే పెద్ద పట్టికే ఉంది. కాలు కుంటి కావచ్చు, కన్ను పోవచ్చు, శత్రువులకి చిక్కవచ్చు. మా బావ దీన్ని పట్టుకుని ఒక సిద్ధాంతమే చేశాడు. “చూశావా, పేరున్నవాడికి కష్టాలు కూడా రకరకాలుగా వస్తాయి. లేనివాడికి బతుకో చావో, రెండే.” నిజానికి ఇది ఆయన అనుకున్నదాని కంటే మంచి మాట. కానీ ఆ సంగతి ఆయన ముందు ఒప్పుకుంటే మళ్లీ రాత్రి భోజనం దాకా వదలడు.

అదే ఆటలో అనుచరుడికి అనుభవం పెరిగినప్పుడు రెండు పాచికలు వేస్తారు. మొత్తం పదో, అంతకు పైనో వస్తే వాడు గుంపులోంచి బయటికొచ్చి నాయకుడైపోతాడు. ‘కుర్రాడిలో సరుకుంది’ అని ఆ నియమానికి పేరు. తక్కినవాళ్లందరూ అప్పుడు పేరు వెతుక్కుంటారు. మా బావ ఆ అనుచరుడికి పేరు పెట్టి ఏడాదైంది కాబట్టి, ఆ రోజు నేరుగా పాయసం వండుకుంటాడు. వండేది మా అక్క.

వెటకారం చేస్తే చరిత్ర తీస్తాడు. హెచ్.జి. వెల్స్ అంతటివాడు 1913లో ‘లిటిల్ వార్స్’ రాస్తూ, బొమ్మలతో ఆడిన ఆటని హుక్స్ ఫామ్ యుద్ధమని చరిత్రకారుడి ధోరణిలో వర్ణించి, తనని తాను జనరల్‌ని చేసుకున్నాడంటాడు. ‘స్టార్ వార్స్’లో సారా దుకాణంలో అలా మెరిసి మాయమయ్యే జీవుల్ని చెబుతాడు. కెన్నర్ కంపెనీ 1970ల చివర వాటి బొమ్మల్ని సుత్తితలవాడు, వాల్రస్ మనిషి అని అచ్చేసి అమ్మింది. తర్వాత వాళ్లే మోమా నాడన్, పాండా బాబా అయ్యారు. 1987 నుంచి వెస్ట్ ఎండ్ గేమ్స్ వాళ్లు బల్ల మీది ఆట కోసం రాసిన పుస్తకాల్లో పెట్టిన పేర్లు తర్వాతి నవలల్లోకి ఎక్కాయి. “ఎవడో ఒకడు కూర్చుని పెట్టబట్టే కదరా” అంటాడు. మరి ఇదే మనిషి ఇండియా వచ్చినప్పుడు పెళ్లిళ్లలో సొంత పినతండ్రి అల్లుణ్ణి చూసి “ఏమండీ, కులాసానా?” అని, అటు తిరిగి “ఎవరే?” అని అక్కని గోకుతాడు.

పాప పుట్టినప్పుడు మా వాళ్లందరికీ ఒకటే ధైర్యం. పద్నాలుగు పురుగులకి నిలువుకాళ్ల మీద పేర్లు పెట్టినవాడు, ఒక్క పిల్లకి పెట్టడా? ఇరవై ఒకటో రోజు వచ్చింది, వెళ్లింది. ఇంగ్లండులో పుట్టిన బిడ్డని 42 రోజుల్లోగా నమోదు చేయించాలి. ముప్పై దాటాయి. నోట్‌బుక్కు నిండా పేర్లే, ఒక్కటీ నచ్చదు. “ఆ పట్టికలో పాచికలు వేసెయ్యండి” అంది అక్క, ఒళ్లు మండి. గడువు నెత్తి మీదికొచ్చాక గానీ తేల్చలేదు. ఎందుకింత ఆలస్యమని అడిగాను. “సిపాయి ఏం పెడితే అది మోస్తాడురా. ఇది రేపు పెద్దదై, ఇదెందుకు పెట్టావ్ నాన్నా అని నిలదీస్తుంది” అన్నాడు. ఆ మాటకి నేను ఆయన్ని చాలా క్షమించేశాను. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి కోసమే ఇదంతా రాస్తున్నాను. మా బావకి ఆర్కుల సైన్యం కూడా ఉంది. ఆర్కులు కండలు తిరిగిన పచ్చ రాక్షసులు. వాళ్ల కాళ్ల దగ్గర గ్రెచిన్లని బక్కపలచని జీవులుంటాయి. పెద్దవాళ్లకి తగలాల్సిన తూటాలకి అడ్డం నిలబడటం వాళ్ల ఉద్యోగం. అందులో అన్నిటికన్నా పొట్టిదానికి, ముక్కు పొడుగుదానికి, పెట్టింది నా పేరు. సూర్రావు కోసం పావుగంట విలవిల్లాడే మనిషి దీన్ని మాత్రం మొదటి దెబ్బకే రెండు వేళ్లతో తీసి పక్కన పెట్టేస్తాడు. పైగా నా పేరు ముందు వాళ్ల ఇంటిపేరు తగిలించాడు. ఇదేమిటంటే, “మా వాళ్లు దత్తత తీసుకున్నారు, గోత్రం కూడా మారింది” అన్నాడు, నోట్‌బుక్కులో చూపించి.

న్యాయం కోసం అమ్మకి ఫోన్ చేశాను. అంతా విని, “నీ సంగతి సరే, అల్లుడు నా పేరు దేనికో పెట్టాడట, ఏమిట్రా అది?” అంది. బేన్‌బ్లేడ్ అనే యుద్ధ ట్యాంకు. గదిలోకెల్లా పెద్ద బొమ్మ. దాని పక్క మీద సన్నటి కుంచెతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, అమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాసి ఉంది. దాన్ని యుద్ధానికి కూడా పంపడు, గీతలు పడతాయని. 11 తుపాకీ గొట్టాలుంటాయని చెప్పాను, ఆవిడకి కోపం వస్తుందేమోనన్న ఆశతో.

“పదకొండేనా?” అంది అమ్మ. “పోన్లే, పిల్లాడు మర్యాద తెలిసినవాడు. నువ్వు ఊరికే చాడీలు చెప్పకు.”