ఖరీదు మందు వెనక చవక గోలీ

నా పేరు ప్రెడ్నిసోలోన్. 10 మిల్లీగ్రాముల గోలీలు పది ఉన్న పట్టీని. మాది స్టెరాయిడ్ల వంశం. ఆ మాట వినగానే సగం మంది మొహం చిట్లిస్తారు.

మా అక్క కార్టిసోన్‌ను చూసి లోకం చప్పట్లు కొట్టిన రోజులున్నాయి. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మాయో క్లినిక్‌లో, కీళ్లవాతంతో మంచాన పడ్డ ఒక మహిళకు ఆమెను ఎక్కించారు. కొద్ది రోజులకే ఆ మహిళ లేచి నడిచింది. 1950లో ఫిలిప్ హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, టాడియస్ రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. నేను 1955లో బజారుకొచ్చాను. ఆయాసానికి, చర్మరోగాలకు, కీళ్లకు డాక్టర్లు నన్ను రాస్తూనే ఉన్నారు. అయితే మోకాళ్ల నొప్పులకు నా పేరైనా చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చేవాళ్లూ తయారయ్యారు. చెడ్డపేరు అక్కడే వచ్చింది.

నేను వచ్చి చేరింది వరంగల్ కొత్తవాడలో, జంపఖానాలు నేసే ఒక ఇంటికి. పెద్దాయన బతుకంతా మగ్గం మీదే గడిచింది. చేతిలో నాడె, నోట్లో బీడీ. రెండోది ఊపిరితిత్తుల్లో క్యాన్సరై కూర్చుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు కంపెనీ ఇన్సూరెన్సు ఉండబట్టి ఇమ్యూనోథెరపీ మొదలైంది. మందు ఖరీదు లక్షల్లో మాట. నా ఖరీదు అడిగితే నాకే సిగ్గు.

ఆ ఖరీదు మందు పని తీరు వేరు. కీమో క్యాన్సర్ కణాల్ని నేరుగా చంపుతుంది. ఇది వాటి జోలికే పోదు. ఒంట్లో రక్షణకు టీ కణాలుంటాయి. అవి శ్రుతి మించకుండా పీడీ-1, సీటీఎల్ఏ-4 లాంటి అడ్డుకట్టలుంటాయి. క్యాన్సర్ ఆ అడ్డుకట్టల్నే వాడుకుని తప్పించుకుంటుంది. మందు వాటిని తొలగిస్తుంది. ఈ కిటుకు కనిపెట్టిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది 2018లో. కాపలా కుక్క గొలుసు విప్పితే దొంగనూ పట్టుకుంటుంది, పాలు పోసేవాణ్నీ కరుస్తుంది. ఆ రెండో పని చేసినప్పుడే నాకు కబురొస్తుంది.

పెద్దాయనకు వెంట్రుకలు ఊడలేదు, వాంతులు కాలేదు. "ఈ మందుకు ఏ బాధా లేదు" అని వాడంతా అనుకుంది. మూడో సూది అయ్యాక విరేచనాలు పట్టుకున్నాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే మందు ఆపేస్తారని భయం. ఆయన ఇల్లాలు, ముసలమ్మే కనిపెట్టింది.

"ఏందయ్యా, పొద్దటిసంది ఎన్నిసార్లు పోయినవ్?"

"పెండ్లి బువ్వ పడలే తియ్."

"పెండ్లయి వారమాయె. ఇంకా ఆ బువ్వేనా?"

ఆమె కొడుక్కి ఫోన్ చేసింది, కొడుకు ఆసుపత్రికి చేశాడు. అక్కడి నర్సు అడిగిన ప్రశ్నలు ఎవరైనా గుర్తుపెట్టుకోదగ్గవి: మామూలు రోజుల్లో ఎన్నిసార్లు, ఇప్పుడు ఎన్నిసార్లు ఎక్కువ? రక్తం గానీ జిగట గానీ పడుతోందా? కడుపులో నొప్పి ఉందా? రాత్రి లేవాల్సి వస్తోందా? మామూలు కంటే నాలుగుసార్లు ఎక్కువైతే డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు. ఏడు, ఆపైన ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చుకోవాల్సిందే. నీళ్ల విరేచనాలే కదా అని వాటిని కట్టే గోలీ దుకాణంలో కొని మింగితే పైకి కట్టినట్టే ఉంటుంది. లోపల పేగు వాపు ముదిరి చిల్లు పడేదాకా పోవచ్చు.

ముందు ఇన్‌ఫెక్షన్ లేదని పరీక్ష చేసి, తర్వాత నన్ను రాశారు. బరువు 50 కిలోలు, కిలోకు ఒక మిల్లీగ్రాము. పొద్దున టిఫిన్ తిన్నాక ఐదు గోలీలు. మేం లోపలికెళ్లి ఎగబడుతున్న టీ కణాల్ని చల్లార్చాం. మా మాట వినకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మరో మందును దించేవాళ్లు. అక్కర్లేకపోయింది.

నా వల్ల సుఖమే అని చెప్పను. పెద్దాయనకు నిద్ర పోయింది, ఆకలి పెరిగింది, మొహం ఉబ్బింది, షుగర్ ఎగిసింది. అర్ధరాత్రి లేచి మగ్గం గుంతలో కూర్చుంటే ముసలమ్మ తిట్టిపోసింది. బాగైంది కదా అని ఒక్కసారిగా ఆపనూ కూడదు. నేనున్నన్నాళ్లూ కిడ్నీల మీది అడ్రినల్ గ్రంథులు తమ పని మానుకుంటాయి. మళ్లీ మొదలెట్టడానికి వాటికి వ్యవధి కావాలి. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలపాటు మెల్లగా దించుతారు.

నాతో కాని పనులూ ఉన్నాయి. ఆ ఖరీదు మందు థైరాయిడ్‌ను దెబ్బతీస్తే నేను బాగుచేయలేను, థైరాక్సిన్ బిళ్ల వేసుకుంటూ పోవాల్సిందే. క్లోమాన్ని కొడితే ఇన్సులిన్ కావాలి. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వస్తే ఊపిరితిత్తుల వాపేమో చూడాలి. కళ్లు పచ్చబడితే కాలేయం. గుండె దడ, రెప్పలు వాలిపోవడం అరుదు గానీ, వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు. మందు ఆపిన కొన్ని నెలలకు కూడా ఇవి రావచ్చు. అర్ధరాత్రి ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తినా, ఇంకెక్కడికి పోయినా, "క్యాన్సర్ మందు" అని ఊరుకోకుండా "ఇమ్యూనోథెరపీ" అని చెప్పాలి. కీమో విరేచనాలకూ వీటికీ వైద్యం ఒకటి కాదు.

ఇన్సూరెన్సు లేని ఇళ్ల కోసం ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు ఒక దారి వెతికారు. తల, మెడ క్యాన్సర్లకు నివోలుమాబ్‌ను మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే, మామూలు డోసులో పదో వంతు కంటే తక్కువ, మింగే మందులతో కలిపి ఇచ్చారు. 2022లో వెలువడిన ఫలితాల్లో, ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. ఈ మందు రేపు కొత్తవాడ లాంటి వాడలకు ఇంకా ఎక్కువగా వస్తుంది. మందుతోపాటు ఈ జాగ్రత్తలూ రావాలి.

"బాపూ, ఇగ మళ్ల మొదలుపెడ్తరా?" అని కొడుకు అడిగితే, నేను 10 మిల్లీగ్రాములకు దిగి, విరేచనాలు పూర్తిగా సర్దుకున్నాక ఆలోచిస్తామన్నారని పెద్దాయన చెప్పాడు. ఇప్పుడు చిన్న తేడా వచ్చినా ఆయనే ఫోన్ అందుకుంటున్నాడు.

డాక్టర్ చెప్పిన లెక్క పూర్తయ్యేసరికి పట్టీల్లో చివరిదాన్నైన నాలో ఐదు గోలీలు మిగిలాయి. పక్కింటావిడ చూసింది.

"అక్కా, నా మోకాళ్లు గుంజుతున్నయ్. రెండియ్యరాదు?"

"ఏందే, పల్లీలనుకున్నవా? పా, రేపు నిన్ను డాక్టరు తానికి నేనే తోల్కపోత" అంటూ ముసలమ్మ నన్ను డబ్బాలో వేసి మూత బిగించింది.

వంశం పరువు నిలబెట్టినందుకు ఆమెకు నా దండం.