నల్లా మెసేజ్‌కు టీకా తాత్పర్యం

మూలం: గ్రామ ప్రజలకు విజ్ఞప్తి. మోటారు కాలిపోయినందున రేపు నల్లా నీరు సరఫరా చేయబడదు. కావున సహకరించగలరు. ఇట్లు, పంచాయతీ కార్యదర్శి.

అవతారిక: మహాకావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన వ్రతం. ఆ కాలాన వాట్సాప్ లేదు గనుక వ్రతం చెల్లింది. పై మూలం ఫలానా ఊరిది కాదు, నమూనాకు కూర్చినది. బషీరాబాద్ మొదలు తాండూరు దాకా ఏ పంచాయతీ గ్రూపు తెరిచినా దీని అన్నదమ్ములు కనిపిస్తాయి.

ప్రతిపదార్థం: గ్రామ ప్రజలకు = గ్రూపులో ఉన్నవారికి. ఫోన్ లేని ముసలవ్వ, డేటా అయిపోయిన కూలీ, ఫోన్ కొడుక్కిచ్చి కందిచేనుకు పోయిన తల్లి ఈ సమాసంలో లోపించారు. డప్పు చాటింపుకు ఈ దోషం లేదు. దానికి ఛార్జింగ్ అక్కర లేదు, వినబుద్ధి కానివాడి చెవిలోనూ పడేది.

రేపు = నిత్యనూతన శబ్దం. తేదీ లేదు కాబట్టి ఎన్ని గ్రూపులు దాటితే అన్ని రోజులు ముందుకు జరుగుతుంది. నల్లాలో నీళ్లొస్తున్న నాడు కూడా పక్క వాడలో ఎవరో ఈ మెసేజ్ చదివి బిందెలు నింపుకుంటుంటారు.

చేయబడదు = ఎవరు చేయరో చెప్పకుండా దాటేసే కర్మణి ప్రయోగం. ఇది ఆఫీసులకే దక్కిన వరం. ఇంట్లో ఎవరైనా ‘అన్నం వండబడలేదు’ అని చూస్తే తెలుస్తుంది. సహకరించగలరు = ఫోన్ చేసి అడగకండి.

ఇట్లు, పంచాయతీ కార్యదర్శి = ఇక్కడ కొంత చరిత్ర ఉంది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 జనవరి 31తో ముగిసింది. 2025 డిసెంబరులో మూడు విడతల ఎన్నికలు జరిగేదాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. దాదాపు రెండేళ్లు మోటారు కాలినా, వీధిదీపం ఆరినా జనానికి చేతికందిన మనిషి కార్యదర్శే. కాబట్టి ఆ ‘ఇట్లు’ను ఎగతాళి చేయడం ఈ వ్యాఖ్యాతకు ఇష్టం లేదు.

శంక: మరి అదే గ్రూపులో పెట్టే ఊడ్చిన వీధి, ట్రాక్టరెక్కిన చెత్త ఫొటోలు ఎవరి కోసం? ఆ వీధిలో ఉండేవాడికి ఫొటో దేనికి?

సమాధానం: సమాచారం కిందికి పోతుంది, సాక్ష్యం పైకి పోతుంది. ఫొటో రెండో జాతి. ఉపాధి హామీ పనుల్లో ఇదే చట్టమంత గట్టిగా కూర్చుంది. 2023 జనవరి 1 నుంచి కూలీల హాజరును రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది: పనితో పొంతన లేని ఫొటోలు వస్తున్నాయట, కొన్నిచోట్ల పాత ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారట. ప్రతిబింబానికి ప్రతిబింబం! ఆలంకారికులు దీనికి ఇంకా పేరు పెట్టలేదు.

విశేషం: ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. తెలంగాణ అదే ఏడాది నవంబరులో మీసేవను అక్కడికే చేర్చింది. వాటికీ ఊరి గ్రూపుకూ పేరు ఒకటే, జాతి వేరు. అక్కడ దరఖాస్తుకు ఒక నంబరు పడుతుంది, రేపు చూపించి అడగొచ్చు. గ్రూపులో ఫిర్యాదు పెడితే ఒక బొటనవేలు వస్తుంది. చూశామని అర్థమా, సరేనని అర్థమా, ఇక చాలని అర్థమా? అందుకే తెలిసినవాళ్లు సోమవారం బస్సెక్కి వికారాబాద్ కలెక్టరేట్‌కు, ప్రజావాణికి కాగితం పట్టుకొనే పోతారు.

గ్రూపులో జవాబులు కూడా వస్తాయి. ‘ఏ వార్డుకు సార్?’, ‘మా వాడకు వారం నుంచే బంద్’, నడుమ శుభోదయం గులాబీలు, ఒక పార్టీ వీడియో, దానికి ఇంకో పార్టీ తిట్లు. ఒకనాడు విసిగిన అడ్మిన్ తాను తప్ప ఎవరూ రాయకుండా తాళం వేస్తాడు. అంతటితో గ్రూపు మళ్లీ డప్పయింది. కాకపోతే డప్పు కొట్టేవాణ్ని మూలమలుపు దగ్గర ఆపి ‘ఏ వార్డుకు?’ అని అడగడానికి వీలుండేది.

గ్రంథపాతం: తాటాకును చెదలు తిన్నచోట పూర్వులు ఈ మాట రాసి ముందుకు పోయేవారు. ఇక్కడా తాళం పడకముందు ఎవరో ‘మోటారు రిపేరుకు ఎంతయింది సార్?’ అని అడిగినట్టు కింది జవాబుల వల్ల తెలుస్తోంది. ప్రశ్న ఉన్నచోట మాత్రం ‘ఈ మెసేజ్ తొలగించబడింది’ అని ఉంది. మళ్లీ కర్మణి ప్రయోగమే.