అల్లం చెక్కు తీయుట: ఒక శాస్త్రీయ విచారణ

పచ్చి అల్లాన్ని వంటింటి వాడుకలో దుంప అనీ వేరు అనీ అంటున్నా, వృక్షశాస్త్ర దృష్టిలో అది భూమిలో అడ్డంగా పాకే కాండం; దాని చుట్టూ కనిపించే వలయాలు పొలుసుల వంటి ఆకులు అంటుకొని ఉండిన కణుపుల ఆనవాళ్లు. ఈ కాండం పక్కలకు పిలకలు వేస్తూ, ఆ పిలకల మీద మళ్లీ పిలకలు వేస్తూ, చివరకు ఏ వైపు పట్టుకున్నా మరో వైపు అడ్డుతగిలే ఆకారానికి చేరుతుంది కనుక, సొరకాయనూ బంగాళాదుంపనూ నమ్ముకొని పుట్టిన పీలరు దీని మీద చేయగలిగింది తక్కువే. అది ఉబ్బెత్తు చోట్ల మంచి కండను గీసుకుపోతుంది. సందుల్లోని చెక్కును, అంటే పైనున్న పలుచని గోధుమరంగు పొరను, దానితో పాటు జహీరాబాదు ఎర్రమట్టినో పాడేరు కొండమట్టినో మహా మర్యాదగా యథాస్థానంలో ఉంచుతుంది.

చిక్కు అసలు బజారులోనే మొదలవుతుంది. కొనేవారు కొమ్మును విరిచి చూడటం ఆచారం: పుటుక్కున విరిగి తడి కనిపిస్తే లేతది, విరిగీ విరగక పీచు పట్టుకొని వేలాడితే ముదిరినది. పరీక్ష నిర్దుష్టమే కానీ, పరీక్షకు లోనైన కొమ్మును పరీక్షించినవారే కొన్న సందర్భాలు అరుదు కావడం వల్ల, అమ్మేవారు ఈ శాస్త్రం పట్ల అంత సుముఖంగా ఉండరు.

ఇంటికి చేరిన అల్లం విషయంలో గృహస్థులు మూడు మతాలుగా చీలి ఉన్నారు. చాకు మతం వారు వంకరలన్నిటినీ చదును చేసి, చెక్కుతో పాటు దాని కిందనే ఉండే సువాసన నూనె కణాలను కూడా చెత్తబుట్టకు సమర్పించి, చివరకు చెక్కీ చెక్కీ అరిగిపోయిన పెన్సిలు లాంటి ముక్కతో వంటకు ఉపక్రమిస్తారు. శొంఠి తయారుచేసే కేరళ రైతులు ఈ నష్టం తెలిసినవారు కనుక ఇనుప కత్తి ముట్టక, మొన తీర్చిన వెదురు బద్దతో పైపొర మాత్రమే గీకుతారు. ఇంచుమించు ఇదే న్యాయాన్ని ఇంట్లో పాటించేది చెంచా మతం: కొమ్మును కాసేపు నీళ్లలో నానబెట్టి, పిలకలను కణుపుల దగ్గర విరిచి విడదీసి, చెంచా అంచుతో గోకడం. చెంచా సందుల్లోకి దూరుతుంది, కండ జోలికి పోదు, వేలినీ కోయదు కనుక మూడింటిలో ఇదే ఉత్తమమని ఈ విచారణ నిర్ణయం. అయితే చివరి సందు దగ్గర చెంచా కూడా ఓడిపోయి గోరు రంగంలోకి దిగుతుందన్న సంగతిని దాచరాదు. మూడో మతం వారు బాగా కడిగి చెక్కుతోనే దంచుతారు. టీకీ, రసం తీసి వడగట్టుకునే పనులకూ ఇది నిరాక్షేపణీయమే కాని, అదే అల్లం పచ్చడిలో పడినప్పుడు పళ్ల కింద కరకరమన్నది చెక్కా, మట్టా అన్న మీమాంస పెసరట్టు పూర్తయ్యేదాకా తెగదు.

తరగడంలోనూ ఒక నియమం ఉంది. పీచు కొమ్ము పొడవునా సాగుతుంది కనుక దానికి అడ్డంగా పలుచని బిళ్లలు కోసి, ఆపైన ముక్కలు చేయాలి. నిలువుగా కోసినది మిక్సీ బ్లేడుకు చుట్టుకొని మోటారును మూలిగిస్తుంది. ఉప్మాలో అల్లం ముక్క జీడిపప్పు వేషం వేసుకొని కూర్చుంటుందన్నది సర్వజనానుభవం కనుక అక్కడ తురుమే శ్రేయస్కరం. నిల్వ ఉంచిన అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చబడితే నింద ముందుగా అల్లం మీద పడుతుంది గానీ, ఆ రంగు వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాల నిర్వాకం.

అల్లం నిజంగా దోషి అయ్యేది పాల దగ్గర. మాంసకృత్తులను ఛేదించే జింజిబైన్ అనే ఎంజైము పచ్చి అల్లంలో ఉండటం వల్ల, వేడి పాలలో దాని రసం పడితే పాలు విరుగుతాయి. అల్లాన్ని ముందుగా నీళ్లలో మరగనిస్తే ఎంజైము నశిస్తుంది, ఆ తరువాత పాలు నిశ్చింతగా పోయవచ్చు. ఈ వరస తప్పిన ఉదయాన తెలుగు ఇళ్లలో పాలవాడి నిజాయితీ మీద చర్చ మొదలవుతుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో మాత్రం పంచదార కలిపిన వేడి పాలను కావాలనే అల్లం రసం మీద పోసి, జున్నులా గడ్డకట్టిన దానిని గిన్నెలో వడ్డించి, పైగా డబ్బులు కూడా పుచ్చుకుంటారు.